పాడే నోరు, పరుగెత్తే వేళ్ళు



ఇద్దరు అన్నదమ్ములు ఇంటి ముందు ఒకరి వీపు ఒకరికి ఆనించి నిలబడ్డారు. పెద్దవాడి చేతిలో గిటారు, చిన్నవాడి చేతిలో బ్యాంజో. ఇద్దరూ కలిసి ఒక పాట ఎత్తుకున్నారు. వాయిస్తూనే ఒకడు ఇంటికి కుడిపక్క నుంచి, ఇంకొకడు ఎడమపక్క నుంచి నడక సాగించారు. ఇల్లు చుట్టి వెనకపక్క ఎదురుపడ్డాక వాళ్ళు చూసుకునేది ఒక్కటే. ఇద్దరి పాటా ఒకేచోట ఉందా? ఎవడన్నా ముందుకు ఉరికాడా, వెనకబడ్డాడా?

అమెరికాలో నార్త్ కరోలినా రాష్ట్రం ముచ్చట ఇది. అన్న హోరేస్, తమ్ముడు ఎర్ల్ స్క్రగ్స్. ఎర్ల్ 1924లో ఫ్లింట్ హిల్ అనే పల్లెలో పుట్టాడు. తండ్రి సేద్యం చేసేవాడు, బ్యాంజో వాయించేవాడు. పిల్లవాడికి నాలుగేళ్ళప్పుడే ఆయన పోయాడు. పెద్దయ్యాక ఎర్ల్ షెల్బీ అనే ఊరి దగ్గర నూలు మిల్లులో కూలికి పోయాడు. పత్తి, నూలు, మగ్గం సంగతి ప్రొద్దుటూరు, జమ్మలమడుగు వాళ్ళకు నేను విడమరచి చెప్పక్కర్లేదు. ఆ మిల్లు కుర్రాడు 1945 డిసెంబరులో బిల్ మన్రో గారి బ్లూ గ్రాస్ బాయ్స్ బృందంలో చేరి, నాష్‌విల్ రేడియోలో మూడు వేళ్ళతో బ్యాంజో వాయించాడు. ఆ బృందం పేరే తర్వాత ఆ సంగీతానికంతా నిలిచింది. రేడియో లేకపోతే ఆ వాయిద్యం ఆ కొండ పల్లెలు దాటేదా అనేది నాకు అనుమానమే. రేడియోలో మాట్లాడుతున్నాను గనక ఈ మాట కాస్త గొప్పగానే చెప్పుకుంటాను.

ఆ మూడువేళ్ళ వాయిద్యానికి ఆధారం రోల్. పాట పాడేవాళ్ళ పక్కన వాయించడానికి ఈ రోల్స్ ఎట్లా పట్టుకోవాలో ఈ పూట చెప్పుకుందాం. మన కడప జిల్లా చెవికి ఇవి ఎంత దగ్గరో కూడా చూద్దాం.

ముందు ఒక సంగతి తేల్చుకోవాలి. మీటలు నొక్కుతూ వాయించే బుల్‌బుల్‌ను కూడా మన దేశంలో బ్యాంజో అంటారు. ఖవాలీ పక్కన గలగలమని మోగేది అదే. దాని పుట్టిల్లు జపాన్. 1912లో నగోయా పట్నంలో తయారైన తైషోగోతో అనే వాయిద్యం నుంచి వచ్చింది. నేను చెప్పేది దాని గురించి కాదు.

అమెరికా బ్యాంజోకు గుండ్రటి చట్రం, దాని మీద బిగించిన పొర ఉంటాయి. ఒకప్పుడు తోలు వాడేవారు, ఇప్పుడు ఎక్కువగా ప్లాస్టిక్. ఆఫ్రికా నుంచి బానిసలుగా పట్టుకుపోయిన జనం వెంట వచ్చిన వాయిద్యం ఇది. మొదట్లో సొరకాయ బుర్రకు తోలు కట్టి చేసుకునేవాళ్ళు. పడమటి ఆఫ్రికాలో అకోంటింగ్ అనే వాయిద్యానికి ఈనాటికీ సొరబుర్ర, తోలు, బొటనవేలితో మీటే ఒక పొట్టి తీగ ఉన్నాయి. సొరబుర్ర కట్టిన తీగవాయిద్యం మనకూ కొత్త కాదు. కిన్నెర మొగిలయ్య గారికి 2022లో పద్మశ్రీ వచ్చినప్పుడు ఆయన చేతిలోని బుర్రలను టీవీలో మీరంతా చూసే ఉంటారు.

బ్లూగ్రాస్ బ్యాంజోకు తీగలు అయిదు. ఈ అయిదింటి శృతిని మన స్వరాల్లో చెప్పుకుంటే పని తేలికవుతుంది. మధ్యన ఉండే మూడో తీగను షడ్జమం అనుకోండి. దాని కింద రెండో తీగ అంతర గాంధారం, అన్నిటికన్నా కింద ఉండే మొదటి తీగ పంచమం. మూడోదాని పైన ఉండే లావు తీగ, అంటే నాలుగోది, మంద్ర పంచమం. మిగిలిన అయిదో తీగ పొట్టిది. దాని బిరడా మెడ సగంలోనే ఉంటుంది. అది తారస్థాయి షడ్జమం. ఏ తీగనూ నొక్కకుండా అన్నిటినీ ఒకసారి మీటితే స, గ, ప తప్ప ఇంకేమీ మోగవు. ఈ షడ్జమం మన లెక్కలో అయిదు కట్టె శృతి. మన వైపు చాలామంది ఆడవాళ్ళ గొంతుకు సుఖంగా ఉండే శృతి అదే. భజనలో అక్కయ్యలు పాడుతుంటే పక్కన వాయించడానికి వేరే ఏర్పాటు అక్కర్లేదన్నమాట. శృతి పెంచాలంటే మెడ మీద కాపో అనే బిగింపు పెడతారు. పొట్టి తీగకు కాపో అందదు గనక, ఆటబొమ్మ రైలు పట్టాలకు కొట్టే బుల్లి మేకులు మెడ మీద కొట్టి, తీగను ఆ మేకు కిందకు నెడతారు. చాలా ఖరీదైన వాయిద్యాల మీద కూడా ఈ బొమ్మరైలు మేకులే కనిపిస్తాయి.

ఇక కుడిచెయ్యి. బొటనవేలికి ప్లాస్టిక్ తొడుగు, చూపుడువేలికి, నడిమివేలికి లోహపు తొడుగులు. మిగతా రెండు వేళ్ళు పొర మీద ఆనించి ఉంటాయి. రోల్ అంటే ఈ మూడు వేళ్ళు ఒక వరుసలో ఎనిమిది దెబ్బలు మీటడం. పెట్టుకోవలసిన నియమం చిన్నదే: ఒకే వేలు వెంటవెంటనే రెండుసార్లు మీటకూడదు. ఎంత వేగంగా వాయించినా దెబ్బ నలగకుండా ఉండటానికి కారణం అదే.

పుస్తకాల్లో ఈ వరుసలను గీతల మీద అంకెలు వేసి చూపిస్తారు. స్క్రగ్స్ పుస్తకం కూడా 1968లో వచ్చింది. కానీ ఆయన చెవితో, చేత్తో నేర్చుకున్నాడు. అంకెలు చూస్తూ నేర్చుకున్నవాడి చెయ్యి కంటికి లొంగి ఉంటుంది. కళ్ళు తిప్పి పాడేవాళ్ళ ముఖం చూడగానే వేళ్ళు ఆగిపోతాయి. పక్కవాయిద్యానికి అది పనికిరాదు. కాబట్టి మృదంగం చెప్పే గురువులు చేసే పనే ఇక్కడా చేద్దాం. ముందు నోటితో చెప్పాలి, ఆ తర్వాతే చెయ్యి కదలాలి. పుట్టపర్తి నారాయణాచార్యుల వారి శివతాండవం ఎవరైనా గొంతెత్తి చదువుతుంటే విన్న ప్రొద్దుటూరు వాళ్ళకు, నోట్లో లయ కుదిరితే ఒళ్ళు తనంతట తానే ఊగుతుందని కొత్తగా చెప్పాలా? అగస్త్యేశ్వరస్వామి గుడి ప్రదక్షిణల్లో పుట్టిందని చెప్పుకునే కావ్యం అది.

మొదటి రోల్ నోటితో చెప్పండి. తకధిమి, తకధిమి. త దగ్గర బొటనవేలు, క దగ్గర చూపుడువేలు, ధి దగ్గర మళ్ళీ బొటనవేలు, మి దగ్గర నడిమివేలు. తీగలు వరుసగా మూడు, రెండు, అయిదు, ఒకటి. తర్వాత నాలుగు, రెండు, అయిదు, ఒకటి. దెబ్బ విడిచి దెబ్బ బొటనవేలే పడుతుంది. మీరు కాలితో తాళం వేస్తుంటే కాలు పడిన ప్రతిసారీ బొటనవేలు దానితోనే ఉంటుంది. పాడుతూ వాయించాలనుకునేవాళ్ళు దీనితోనే మొదలుపెట్టాలి. చాలామంది దీన్ని చప్పగా ఉందని వదిలేసి రెండోదానికి ఎగబడతారు. అది తొందరపాటు.

రెండోది ముందుకు పరుగెత్తే రోల్, ఫార్వర్డ్ రోల్. దీని నోటిమాట తకిట, తకిట, తక. మూడు, మూడు, రెండు, మొత్తం ఎనిమిది. తకిటలో బొటన, చూపుడు, నడిమి వేళ్ళు ఆ వరుసలోనే పడతాయి. చివరి తకలో బొటన, నడిమి. తీగలు మూడు, రెండు, ఒకటి. అయిదు, రెండు, ఒకటి. చివర అయిదు, ఒకటి. ఇప్పుడు బొటనవేలు ఒకటో మాత్ర, నాలుగో మాత్ర, ఏడో మాత్ర మీద పడుతోంది. కాలు మాత్రం ఒకటి, అయిదు మీద పడుతుంది. అయిదో మాత్ర వచ్చేసరికి కాలి దెబ్బకు జతగా మోగేది చూపుడువేలు. వినేవాళ్ళకు పాట ముందుకు తోసుకుపోతున్నట్టు ఉండేది ఈ ఎడం వల్లనే. కొత్తగా నేర్చుకునేవాడు పాడబోయి తప్పిపోయేది కూడా సరిగ్గా ఇక్కడే. వాడి గొంతు బొటనవేలి వెంట పడుతుంది. గొంతు పోవలసింది కాలి వెంట.

దీనికి మందు ఉంది. వాయిద్యం పక్కన పెట్టండి. కాలితో తాళం వేస్తూ తొడ మీద మూడు వేళ్ళతో తకిట తకిట తక కొట్టండి. అది నిలబడ్డాక మీకు బాగా వచ్చిన ఏదో ఒక భజన పాట పల్లవి, చిన్నప్పటి నుంచి నోట నానినది, మెల్లగా పాడండి. కొత్త పాట వద్దు. మాటల కోసం వెతుక్కునే బుర్రకు వేళ్ళను చూసుకునే తీరిక ఉండదు. ఆ పల్లవి తాళం మొదటి దెబ్బ మీద కాకుండా కాస్త దాటి ఎత్తుకునేదైతే మరీ మంచిది. చెయ్యి ముందే నడుస్తూ ఉంటుంది, గొంతు వచ్చి అందులో ఎక్కాలి. తొడ మీద ఇది తప్పకుండా సాగేదాకా బ్యాంజో ముట్టుకోనక్కర్లేదు.

ఇది మనవాళ్ళకు కష్టమని నేను అనుకోను. రాయలసీమ పల్లెల్లో చెక్కభజన చూసినవాళ్ళెవరూ అనుకోరు. చేతిలో చెక్కలు ఒక దరువు పలుకుతుంటాయి, కాలి గజ్జెలు ఇంకొకటి పలుకుతుంటాయి, నోరు పాట అందుకుంటుంది, కన్ను గురువు మీద ఉంటుంది. గుండ్రంగా తిరుగుతూ, ఎదురువాడితో చెక్క కలుపుతూ ఇదంతా చేస్తారు. పులివెందుల వైపు నుంచి శ్రావణ శనివారాలకు గండి ఆంజనేయుడి దగ్గరికి పోయే భజన గుంపుల్లో పొద్దంతా సేద్యం చేసి రాత్రి చెక్కలు పట్టినవాళ్ళు ఎందరో ఉంటారు. వాళ్ళలో ఒకరిని కూర్చోబెట్టి తకిట తకిట తక అని వేళ్ళు చూపిస్తే, వాళ్ళకు రావలసింది తీగ ఎక్కడుందో తెలియడం మాత్రమే. లయ వాళ్ళ దగ్గర ముందే ఉంది.

బుర్రకథ సంగతి ఇంకా దగ్గర. కథకుడు భుజాన తంబుర వేసుకుని మీటుతాడు, చేతిలో అందెలు తాళం పలుకుతాయి, అడుగు వెనక్కీ ముందుకూ పడుతుంది, నోరు కథ నడుపుతుంది. జమ్మలమడుగు నుంచి కోయిలకుంట్ల దాకా రేనాటి పల్లెల్లో, 1847లో ఉరికంబం ఎక్కిన ఉయ్యాలవాడ నరసింహారెడ్డి కథ పాటగా బతికింది ఇట్లాంటి గొంతుల మీదే. వంతలు డక్కీ వాయిస్తూ ఏం చేస్తారో గమనించండి. కథకుడు మాట చెబుతున్నంతసేపూ దరువు అణిగి ఉంటుంది. చరణం చివర ఊపిరి తీసుకునే జాగా దొరకగానే దరువు లేస్తుంది. పద్మశ్రీ షేక్ నాజర్ గారి బృందాన్ని విన్న పాతకాలపు శ్రోతలకు ఆ లేవడం, అణగడం చెవుల్లో ఉండే ఉంటుంది.

స్క్రగ్స్ చేసింది కూడా అదే. 1948లో మన్రో బృందం నుంచి బయటికి వచ్చి ఆయన, లెస్టర్ ఫ్లాట్ కలిసి సొంత బృందం పెట్టుకున్నారు. 1953 నుంచి ఒక పిండి కంపెనీ డబ్బు పెడితే నాష్‌విల్ రేడియోలో పొద్దున్నే పాడేవాళ్ళు. లోకమంతా స్క్రగ్స్‌ను గుర్తుపెట్టుకున్నది 1949లో రికార్డు చేసిన ఫాగీ మౌంటెన్ బ్రేక్‌డౌన్ అనే ఉరుకుల వాయిద్యానికి. 1967లో బానీ అండ్ క్లైడ్ సినిమాలో కార్ల వెంట మోగింది అదే. అయితే పక్కవాయిద్యం నేర్చుకునేవాళ్ళు వినవలసింది అది కాదని నా అభిప్రాయం. ఫ్లాట్ పాడుతుంటే వెనక స్క్రగ్స్ ఏం చేస్తున్నాడో వినాలి. గొంతు పలుకుతున్నప్పుడు ఆయన వేళ్ళు లావు తీగల మీదికి దిగుతాయి. ఒక్కోచోట రోల్ పూర్తిగా మానేసి, తాళం దెబ్బకూ దెబ్బకూ మధ్యన చిన్న చరుపు చరిచి ఊరుకుంటాడు. దాన్ని వ్యాంప్ అంటారు. పాదం ముగిసి గాయకుడు ఊపిరి పీల్చుకునేలోగా సన్నతీగల మీద నాలుగు స్వరాలు చిలకరించి మళ్ళీ కిందికి దిగుతాడు. పాట మాట వినపడనంత గట్టిగా వాయించేవాణ్ణి మన భజనల్లో కూడా ఎవరూ రెండోసారి పిలవరు.

ఇంకో రెండు రోల్స్ ఉన్నాయి, త్వరగా చెప్పేస్తాను. వెనక్కి నడిచేది నడిమి, చూపుడు, బొటన వరుసలో పోతుంది. ముందుకు పోయి వెనక్కి తిరిగేది తకిట తకిట తకే, కాకపోతే రెండో తకిటలో బొటనవేలి తర్వాత వేళ్ళు తిరగబడతాయి: బొటన, నడిమి, చూపుడు. ఈ నాలుగూ చేతికి వస్తే పక్కవాయిద్యానికి చాలు. ఒక పాటలో రెండింటికి మించి వాడితే వినేవాళ్ళకు తలనొప్పి.

ఇక్కడ తెలుగు పాట ఒక చిక్కు తెస్తుంది. అమెరికా పాటలు చాలావరకు నాలుగు నడకలో ఉంటాయి, ఎనిమిది మాత్రల రోల్ సరిగ్గా అమరుతుంది. మన తత్వాలు, దంపుడు పాటలు, పెళ్ళిపాటలు ఎన్నో మూడు నడకలోనో ఏడు నడకలోనో సాగుతాయి. ఎనిమిది దెబ్బల వరుసను తెచ్చి ఏడులో కుక్కితే రెండో ఆవర్తానికే పాట విరుగుతుంది. రోల్‌ను కోసుకోవాలి. మూడు నడకకు చివరి తక వదిలేయండి: తకిట, తకిట. అమెరికా వాళ్ళు కూడా మూడు నడక పాటలకు ఆరు దెబ్బల రోల్ వాయిస్తారు. ఏడు నడకకు రెండు రోల్స్‌లోంచి చెరో ముక్క తీసి అతకండి: తకిట, తకధిమి. బొటన, చూపుడు, నడిమి. బొటన, చూపుడు, బొటన, నడిమి. ఏ వేలూ వెంటనే రెండుసార్లు పడలేదు చూశారా? నియమం నిలిచింది. బ్రహ్మంగారి మఠం దారిలో తంబుర మీద తత్వాలు పాడేవాళ్ళ పక్కన కూర్చుని వాయించడానికి ఈ ఏడు దెబ్బల రోల్ మొదటి పెట్టుబడి.

రెండో చిక్కు రాగం. మోహనలో, శంకరాభరణంలో, హరికాంభోజిలో నడిచే పాటకు ఈ శృతి అడ్డు రాదు. ఆనందభైరవిలో లాలిపాట ఎత్తుకోండి, రెండో తీగ మీద ఉన్న అంతర గాంధారం పాడేవాళ్ళ సాధారణ గాంధారంతో తగువు పెట్టుకుంటుంది. అప్పుడు రెండో తీగను అరమెట్టు దించాలి. లేకపోతే అరమెట్టు పెంచి మధ్యమం చేయాలి. ఈ రెండో పద్ధతి అమెరికా కొండల్లో పాతకాలపు వాయిద్యగాళ్ళది. అందులో స, మ, ప మాత్రమే ఉంటాయి, గాంధారమే ఉండదు. గాంధారం ఊగే పాటలకు నాకు ఇదే నచ్చుతుంది. వాయిద్యం నోరు మూసుకున్నచోట గొంతు ఇష్టం వచ్చినట్టు ఊగవచ్చు. నాదనామక్రియ తత్వాలకైతే ఎడమచేత్తో ఏ తీగా నొక్కకుండా షడ్జమ పంచమాల మీదే రోల్ నడిపించి ఊరుకోవడం మేలు. అక్కడ బ్యాంజో చేయవలసింది తంబుర పని.

గమకం పలకని వాయిద్యం మనకెందుకు అనే పెద్దలు ఉంటారు. ఈ ఆకాశవాణే ఆ మాట మీద 1940 నుంచి 1971 దాకా హార్మోనియాన్ని గడప తొక్కనివ్వలేదు. పల్లె భజన మందిరాలు ఆ నిషేధాన్ని పట్టించుకోనే లేదు, పెట్టె వాయిస్తూనే ఉన్నాయి. పాలకొల్లులో పుట్టిన యు. శ్రీనివాస్ మాండలిన్ మీద రాగాలాపన చేసి అందరి నోళ్ళూ మూయించాడు. బ్యాంజోను కూడా మనవాళ్ళతో కూర్చోబెట్టినవాడు ఉన్నాడు. బేలా ఫ్లెక్ 1996లో విశ్వమోహన్ భట్ గారితో కలిసి ఒక రికార్డు చేశాడు. జాకిర్ హుస్సేన్, రాకేశ్ చౌరాసియా, ఎడ్గర్ మేయర్‌లతో 2023లో చేసిన యాజ్ వి స్పీక్ అనే రికార్డుకు తర్వాతి ఏడాది రెండు గ్రామీలు వచ్చాయి. తబలా లెక్కలకు బ్యాంజో రోల్ ఎట్లా జవాబు చెబుతుందో అందులో వినవచ్చు. పిల్లలు షార్లెట్ నగరంలో ఉద్యోగం చేస్తున్న తల్లిదండ్రులెవరైనా ఈ ప్రసంగం వింటుంటే ఒక మాట. షెల్బీ అక్కడికి దగ్గరే. ఆ ఊరి పాత కోర్టు భవనంలో 2014 నుంచి ఎర్ల్ స్క్రగ్స్ పేరు మీద ప్రదర్శనశాల నడుస్తోంది. ఈసారి పోయినప్పుడు మాల్‌కు బదులు అక్కడికి తీసుకుపొమ్మనండి.

ఒక్క సంగతి మిగిలింది. పాట ఎట్లా ముగించాలి? బ్లూగ్రాస్ వాళ్ళకు ముగింపు కోసం ఒక పొట్టి స్వరాల తోక ఉంది, ప్రతి పాటకూ దాన్నే తగిలిస్తారు. మన భజన పాటకు అది అతకదు. మన పద్ధతిలో ముక్తాయింపు వేసుకుందాం. రెండు రోల్స్ కలిపితే పదహారు మాత్రలు. మొదటి రెండూ చెయ్యి ఆపి ఖాళీగా వదలండి. మూడో మాత్ర నుంచి తదిగిణతోం, తదిగిణతోం, తదిగిణతోం. అయిదు మూళ్ళు పదిహేను. లెక్క చూసుకుంటే ఆఖరి తోం పదిహేడో మాత్ర మీద, అంటే కొత్త ఆవర్తం మొదటి దెబ్బ మీద వచ్చి పడుతుంది. వేళ్ళు బొటన, చూపుడు, నడిమి, చూపుడు, నడిమి. ఆ చివరి తోం మాత్రం బొటనవేలితో మూడో తీగ మీద, షడ్జమం మీద కొట్టండి. ఆ వెంటనే అరచెయ్యి తీగల మీద ఆనించి నాదం ఆపేయాలి, ఎందుకంటే అప్పటికి గుంపులో ఎవరో ఒకరు తరువాతి పాట ఎత్తుకుని ఉంటారు.